గోల్కొండ గార్డ్స్‌లో శివశంకర్

హైటెక్ సిటీలో ఒక ఐటీ క్యాంపస్‌కు శివశంకర్ గేటు సెక్యూరిటీ. సూపర్‌వైజర్‌గా ఎంపికయ్యాడు. పాత ఉద్యోగాలను ఆరా తీసే ఏజెన్సీ ఒక్కచోట ఆగిపోయింది. అతని దరఖాస్తులో జీడిమెట్ల ఫ్యాక్టరీ తర్వాత రెండేళ్లకు ఇలా ఉంది: గోల్కొండ గార్డ్స్, అమెరికన్ ఫుట్‌బాల్, ఆటగాడు.

ఏజెన్సీ ఫోన్ చేసింది. ఆ నంబరు లేదు. ఆఫీసు వెతికింది. అక్కడిప్పుడు బిర్యానీ హోటల్ ఉంది.

శుక్రవారంలోగా రుజువు చూపాలి. లేకపోతే అబద్ధం చెప్పాడని రాస్తారు. అప్పుడు గేటు పని కూడా పోతుంది.

గార్డ్స్ నిజంగా ఉండేది. అందరూ కబడ్డీ వాళ్లు, కుస్తీ వాళ్లు. ఆ ఆట ఎవరికీ తెలియదు. అమెరికా నుంచి వచ్చిన కోచ్ నెల్లాళ్లు నేర్పి వెళ్లిపోయాడు. హెల్మెట్లో తల ఉడికేది. మ్యాచ్‌లన్నీ వేరే రాష్ట్రంలో, ఒకే మైదానంలో, టీవీ కోసం ఆడించారు. గ్యాలరీ మెట్ల మీద జనం లేరు. సొంత ఊళ్లో గార్డ్స్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రెండో ఏడు జీతాలు ఆగాయి. తర్వాత ఆఫీసుకు తాళం పడింది. ఎవరికీ ఏ కాగితమూ ఇవ్వలేదు.

గురువారం డ్యూటీ దిగి మియాపూర్ డిపోకు వెళ్లాడు. గార్డ్స్‌లో తనతో ఆడిన రవీందర్ అక్కడ బస్సు డ్రైవర్.

"ఏంది శంకరన్నా, గిట్ల పీక్కపోయినవ్?"

శివశంకర్ చెప్పాడు.

"నా దగ్గర ఒక్కటే వీడియో ఉంది," అన్నాడు రవీందర్.

"అదేనా?"

"అదే. మావోళ్లు పెండ్లిళ్లల్ల ఇప్పటికీ పెట్టుకొని చూస్తరు."

"నవ్వకురా."

"నవ్వుతలే. పంపాల్నా, వద్దా?"

శివశంకర్ ఫోన్ బయటికి తీశాడు. "పంపు."

మర్నాడు హెచ్ఆర్‌లో యశస్విని ఆ వీడియో చూసింది. బంతి శివశంకర్ చేతికొస్తుంది; దాన్ని ఎదుటి జట్టు గీత దాటించాలి. ఎదుటి జట్టువాడి చెయ్యి అతని భుజానికి తగులుతుంది. వెంటనే అతను వెనక్కి తిరిగి సొంత గీత వైపు పరిగెడతాడు. గీత దాటి, కూతకెళ్లి ఒకణ్ని తాకొచ్చినట్టు, నేలకు చెయ్యి ఆనిస్తాడు. నలుగురు వచ్చి మీద పడతారు. పాయింట్లు ఎదుటి జట్టుకు.

"అటెందుకు పరిగెత్తారండీ?"

"కబడ్డీల తాకినంక ఇవతలికి రావాలె మేడం. కాళ్లకు అదే అలవాటు."

ఆమె నవ్వు బిగబట్టింది. "ఇది ఏజెన్సీకే కాదు, మన మేనేజర్లకీ వెళ్తుంది. గ్రూపుల్లో పడితే నేను ఆపలేను. ఆ పరుగు కట్ చేసి పంపనా?"

రోజూ వాళ్లంతా అతని గేటు దాటే లోపలికి వెళ్తారు.

"ఇంకోసారి పెట్టండి మేడం."

మొదట్లో అన్నీ హెల్మెట్లే. ఎవరు ఎవరో తెలియదు. అతను వెనక్కి తిరిగినప్పుడు మాత్రం గార్డ్స్ చొక్కా వీపు మీద అతని పేరు కనిపిస్తుంది. పరుగు పొడవునా కనిపిస్తుంది.

"కట్ చేస్తే అది నేనని ఎవరికీ తెల్వది. పూర్తిగ పంపండి."

సాయంత్రం యశస్విని ఫోన్ చేసింది. ఏజెన్సీ ఒప్పుకుంది. సోమవారం నుంచి సూపర్‌వైజర్.

అతను ఫోన్ జేబులో పెట్టేలోపే ఇద్దరు కుర్ర ఇంజనీర్లు తమ ఫోన్లోకి చూసి నవ్వుకుంటూ గేటు దగ్గరికొచ్చారు.

"అన్నా, ఇది నువ్వేనా?"

"నేనే," అన్నాడు శివశంకర్. "కార్డు చూపించు."