గోకర్ణం బండిలో ఖాళీ సీటు

బెంగళూరుకి కొత్తగా వచ్చినవాళ్ళకి వారంలో ఐదు రోజులు ఒక ఉద్యోగమైతే, శని ఆదివారాలు ఇంకో ఉద్యోగం. సోమవారం ఆఫీసులో "వీకెండ్ ఏం చేశావ్?" అని అడుగుతారు. బట్టలు ఉతుక్కుని పడుకున్నానంటే జాలిగా చూస్తారు. అందుకని కుందలహళ్ళిలో మేం నలుగురం అమ్మాయిలం అద్దెకున్న ఫ్లాట్‌లో బుధవారం నుంచే ప్లాన్లు మొదలయ్యేవి. పొద్దున్నే నంది కొండకి పోయి మంచులో ఫొటోలు దిగడం, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఎవరో గొప్పగా చెప్పిన కేఫ్ ముందు గంటసేపు నిలబడి ఒక కాఫీ తాగి రావడం, ఇలాంటివి. మూడు రోజుల సెలవు కలిసొస్తే మాత్రం అందరూ సముద్రానికే పరిగెత్తేవాళ్ళు.

నాకు నవ్వొచ్చేది. నేను పుట్టి పెరిగింది చీరాల దగ్గర. ఇంటి నుంచి సైకిల్ మీద పోయేంత దూరంలో సముద్రం. అక్కడున్నన్నాళ్ళూ చుట్టాలొస్తే తప్ప అటు వెళ్ళిన పాపాన పోలేదు. ఇక్కడికొచ్చాక మాత్రం ఎవరైనా బీచ్ అనడం ఆలస్యం, అదేదో మా ఇంటి పెరడైనట్టు మాట్లాడేదాన్ని. అలలు ఎప్పుడు పెద్దవవుతాయో, ఏ చేప ఎప్పుడు రుచో, తెలిసినవీ తెలియనివీ కలిపి చెప్పేదాన్ని.

ఆ గొప్పలన్నీ ఓపిగ్గా విన్నది మా వంటక్క ఒక్కతే. ఆమెది కదిరి వైపు పల్లెటూరు. నలభై ఏళ్ళుంటాయేమో. భర్త, కొత్తగా లేస్తున్న బిల్డింగుల దగ్గర ఇనుప కంబీలు వంచే పని చేసేవాడు. ఆమె పొద్దున ఆరున్నరకి వచ్చి మాకు టిఫిన్ చేసి, మధ్యాహ్నానికి డబ్బాలు సర్ది, ఇల్లు ఊడ్చి, ఇంకో మూడిళ్ళకి పరిగెత్తేది. అందరికంటే ముందు లేచేది నేనే కాబట్టి కాఫీ తాగుతూ వంటింటి గట్టు మీద కూర్చుని ఆమెతో కబుర్లు చెప్పేదాన్ని.

"నిజంగానే అవతలి గట్టు కనపడదా పాపా?" అని అడిగింది ఒకరోజు. "మా ఊరి చెరువు నిండినా ఆ పక్క కట్ట కనపడతాది. నీళ్ళకి గట్టు లేకపోతే చూసేదానికి భయం కాదా?"

"భయమేంటక్కా, ఒకసారి చూస్తే వదిలి రాలేవు," అన్నాను.

"చూడల్లనే ఉండాది. టీవీలో చూస్తే ఏముండాది, అది పెట్టెలో నీళ్ళే కదా."

ఆ మాట నాకు భలే నచ్చింది. ఆఫీసులో అందరికీ చెప్పాను కూడా. అంతలోనే మూడు రోజుల సెలవు కలిసింది. ఫ్లాట్‌లోని మేం నలుగురం ఆఫీసు స్నేహితులతో కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని గోకర్ణం వెళ్ళాలనుకున్నాం. చివర్లో వాళ్ళలో ఒకమ్మాయి మానుకుంది. సీటు ఖాళీ. ఎవర్నీ అడక్కుండా, మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి, "అక్కా, శుక్రవారం సాయంత్రం మాతో పాటు సముద్రానికి వస్తున్నావు," అనేశాను.

ఆమె చేతిలోని అట్లకాడ అలాగే ఆగిపోయింది. "నన్నా? మీ జతలో పిల్చుకోని పోతారా?" అంది. పెనం మీద దోసె మాడింది. ఆమె వంట మాడ్చడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ వారమంతా రోజుకో విషయం అడిగింది. చీర తడిస్తే మార్చుకోవడానికి చోటుంటుందా, బండిలో తల తిరుగుడొస్తే ఆపుతారా, చెప్పులు ఎక్కడ విడవాలి. మిగతా మూడిళ్ళలోనూ బతిమాలి సెలవు తీసుకుంది.

గురువారం సాయంత్రం ట్రిప్‌కి వెళ్ళేవాళ్ళందరం మా హాల్లో కూర్చున్నప్పుడు మాట బయటికొచ్చింది. "నువ్వు మంచిదానివే, కాదనను," అంది మా ఫ్లాట్‌మేట్. "కానీ కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించు. అక్కడ షార్ట్స్ వేసుకుని తిరుగుతాం, బీర్ తాగుతాం. మంగళవారం మళ్ళీ ఆవిడే కదా మనకి దోసెలు వేసేది. ఆవిడకీ ఇబ్బంది, మనకీ ఇబ్బంది." ఆఫీసు స్నేహితుల్లో ఒకడు, "రూమ్ ఎవరితో షేర్ చేసుకుంటుంది?" అన్నాడు.

నాతో, అనాలి. రెండక్షరాల మాట. అనలేదు. అంటే నన్ను పల్లెటూరిదాన్ని అనుకుంటారని భయపడ్డాను. అంతకంటే చిన్నతనం ఇంకోటుంది, అది కూడా చెప్పేస్తాను. వాళ్ళలా అన్నాక నాకూ లోపల కొంచెం హాయిగానే అనిపించింది. మూడు రోజులు ఆమెను చూసుకునే బాధ్యత తప్పిందిలే అనుకున్నాను. "నువ్వే పిలిచావు కాబట్టి నువ్వే చెప్పు," అని లేచిపోయారు.

శుక్రవారం పొద్దున ఆమె తలంటుకుని వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో పెద్ద స్టీలు డబ్బా. డబ్బా నిండా నిప్పట్లు. మా వైపు చెక్కలంటాం. దారిలో అందరికీ సరిపోవాలని రెండు రోజులు కూర్చుని చేసిందట.

"ట్రిప్ క్యాన్సిల్ అయిందక్కా. బండి దొరకలేదు," అన్నాను. మొహం చూడకుండా ఫ్రిజ్ తెరిచి ఏదో వెతుకుతూ అన్నాను.

ఆమె బట్టల సంచి కింద పెట్టింది. తర్వాత, "అయ్యో, మీరెంత ఆశ పెట్టుకోనుంటిరి!" అని నన్నే ఓదార్చింది. డబ్బా గట్టు మీద పెట్టి, "ఇంట్లోనే ఉంటారు కదా, కాఫీలోకి తినండి," అంది. ఈ మూడు రోజులూ మాకు వంట చేసిపెడతాననీ అంది. బయట తింటాంలే అని ఇంకో అబద్ధం ఆడాను.

ఆ డబ్బా మాతో గోకర్ణం వచ్చింది. ఒడ్డున కూర్చుని అందరం తిన్నాం. అదిరిపోయాయి, ఎక్కడ కొన్నారని ఎవరో అడిగారు. సిగ్గుతో నాకు గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది. దిగాయి. నేనూ నాలుగు తిన్నాను.

మంగళవారం పొద్దున ఆమె ఊడుస్తోంది. బ్యాగుల్లోంచి, తువ్వాళ్ళలోంచి రాలిన ఇసుక హాలంతా ఉంది. ముందు రోజు తుడవాలన్న బుద్ధి కూడా మాకు పుట్టలేదు. "ఇంత ఇసుక యాడిది?" అంది తనలో తాను అనుకున్నట్టు. లోపలి గదిలోంచి మా ఫ్లాట్‌మేట్ నిద్రమత్తులో, "బీచ్‌ది అక్కా, ఎంత దులిపినా పోవట్లేదు," అంది.

నేను వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. అక్క నా వైపు చూడలేదు. చీపురు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. సోఫా జరిపి, దాని కింద కూడా ఊడ్చి, ఇసుకంతా చేటలోకి ఎత్తి బయట పోసి వచ్చింది. చేతులు కడుక్కుని, "టిఫినుకు ఉప్మా చేద్దునా?" అని అడిగింది. ఖాళీ డబ్బా తోమి సంచిలో పెట్టుకుంది.

తిట్టి ఉంటే బాగుండేది. పని మానేసినా బాగుండేది. అంతకుముందు లాగానే వచ్చింది, నవ్వింది, కాఫీ ఇచ్చింది. సముద్రం మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నెల తిరిగేసరికి ఇక ఓర్చుకోలేకపోయాను. ఒక పొద్దున ఇద్దరమే ఉన్నప్పుడు, "అక్కా, తప్పు చేశాను. మనిద్దరమే వెళ్దాం. మా ఊరికే తీసుకెళ్తాను, మా ఇంట్లోనే ఉందువుగాని," అన్నాను. కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏడవద్దు పాపా," అంది ఉల్లిపాయలు తరుగుతూనే. "నువ్వు పిలిచిననాడే మా ఇంటాయన నగినాడు. వాళ్ళు నిన్నేమిటికి పిల్చుకోని పోతారే అన్న్యాడు. ఆ పాప అట్లాంటిది కాదని కొట్లాడినా. బండి దొరకలేదని చెప్తే నమ్మి, పాపం పిల్లోళ్ళు అన్న్యాడు. ఇప్పుటికీ అదే అనుకోనుండాడు. నిజం నేను చెప్పలా." కత్తి పక్కన పెట్టింది. "నీతో పోవొచ్చు. మళ్ళా ఆగిపోతే ఈసారి ఆయనకు ఏం చెప్పాల నేను?"

ఆగిపోదక్కా, అనబోయాను. నా మాటను నేనే నమ్మలేక ఊరుకున్నాను.

మరుసటి ఏడు భర్తకి ఎలక్ట్రానిక్ సిటీ వైపు పని దొరికిందని వాళ్ళు హెబ్బగోడికి మారిపోయారు. ఆమె సముద్రం చూసిందో లేదో నాకు తెలియదు. ఫోన్ నంబరు నా దగ్గరే ఉంది. అడగడానికి మొహం చెల్లడం లేదు.