ఎల్లిగడ్డ వాసన

గోదావరిఖని నుంచి కరీంనగర్ బస్సులో వెళ్తున్నప్పుడు నా సంచిలో రెండు బూడిదరంగు రాళ్లున్నాయి. మా ఆయన దోస్తు ఎక్కడో బంగారు గని దగ్గర నుంచి తెచ్చినవి. పొడిచేసి పాదరసం కలిపినా బంగారం రాలేదు. కంసాలికి చూపించమని నాకు రెండిచ్చి, మిగిలినవి పొయ్యిలో కాలుస్తానని మా ఆయన ఇంట్లో ఉండిపోయాడు.

బసంత్‌నగర్ దాటాక సంచి జారి రాళ్లు కిందపడ్డాయి. పక్క సీట్లోని ముసలి సాయిబు వాటిని తీసి, ఒకదానితో ఒకటి గట్టిగా కొట్టి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఎల్లిగడ్డ వాసన!

"నేను బంగారు గనిల పనిచేసిన, బేటీ. గిసోంటి రాయిల బంగారం విడిగ ఉండదు, లోపట్నే కలిసి ఉంటది. అందుకే పాదరసానికి చిక్కదు. కాలిస్తెనే విడుస్తది. కానీ గీ ఎల్లిగడ్డ వాసన పాషాణం అనే విషానిది, కాలిస్తే దాని పొగ లేస్తది. మా తమ్ముడు గా పొగకే పోయిండు."

"చాచా, మా ఆయన ఇప్పుడు ఇంట్ల గదే పని చేస్తుండు!"

సాయిబు లేచి "రోకో!" అని అరిచి బస్సు ఆపించాడు.

దిగి, ఎదురొచ్చిన లారీ ఎక్కి ఇల్లు చేరాను. ఎవరూ చూడొద్దని మా ఆయన తలుపులన్నీ మూసుకున్నాడు. సందుల్లోంచి తెల్లటి పొగ వస్తోంది. తలుపు తోసి, ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని, పొయ్యి పక్కన పడివున్న మనిషిని బయటికి ఈడ్చాను. దవాఖానలో ఏం పొగ అని డాక్టరు అడిగితే పాషాణమని చెప్పగలిగాను.

మర్నాడు ఆయన కళ్లు తెరిచి నీళ్లడిగాడు. గ్లాసు పట్టుకున్నాను గానీ, ఆయన తల లేపబోతే నీళ్లన్నీ మంచం మీదే ఒలికిపోయాయి. చివరికి నర్సమ్మే తాగించింది.