బూడిదోడి మెడ మీద బరువు

మా అమ్మమ్మ శ్యామలాదేవి కారెక్కే ముందు బానెట్ మీద అరచేత్తో రెండు చరుపులు చరుస్తుంది. కారు పేరు బూడిదోడు. తాతయ్య వెంకటరామారావు వాడి వాడి వదిలి వెళ్లిన చిన్న కారది. రంగు బూడిద, వయసు నాకంటే కొంచెం తక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు అమ్మమ్మ వాడితో "హా, హా, పద నాయనా" అంటుంది. దిగేటప్పుడు నాలుకతో టకటకలాడిస్తుంది. ష్వైన్‌ఫర్ట్‌లో మా వీధి జర్మన్ పిల్లలకు తెలుగంటే ఆ టకటకలే.

ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. రామచంద్రపురం దగ్గర పల్లెలో వాళ్ల నాన్న కిరాయికి బెల్లం బండి తోలేవాడు. మగపిల్లలు లేని ఇంట్లో పెద్దకూతురు కాబట్టి పగ్గాలు పట్టడం ఆవిడకు పరికిణీల వయసులోనే వచ్చేసింది. ఆ తర్వాత పెళ్లి, బేరింగులు చేసే ఫ్యాక్టరీలో తాతయ్యకు ఉద్యోగం, జర్మనీ. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతూ జర్మన్ నేర్చుకుంది. డ్రైవింగ్ పరీక్ష మాత్రం తప్పుతూనే పోయింది. చివరికి పరీక్ష పెట్టినాయనే విసిగి లైసెన్సు ఇచ్చేశాడని నేనంటాను. తను కారు ఆపిన తీరు చూసి ఆయన టోపీ తీశాడని ఆవిడంటుంది. కారులో కూర్చుని టోపీ పెట్టుకునే మనిషెవరో నాకింతవరకూ అర్థం కాలేదు.

అమ్మ మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తుంది. చదువు సగంలో ఆపేసిన నేను అమ్మమ్మ దగ్గర చేరాను. మాది మూడో అంతస్తు, బాల్కనీ లేదు. చుక్కకూర బాత్‌టబ్బులో పెరిగేది. స్నానం చేయాలంటే ముందు కుండీలన్నీ బయటికి మొయ్యాలి.

ఊరి అంచున తోటల సంఘం ఒకటుంది. తలా ఒక చిన్న నేల ముక్క, కంచె, కొళాయి. తాతయ్య బతికున్నప్పుడే ఇద్దరూ పేరు రాయించుకున్నారు. ఆయన పోయాక, కరోనా వచ్చిన మార్చిలో, అమ్మమ్మ వంతు వచ్చింది. ఆ రోజు ఆవిడ ఏడవలేదు, నవ్వలేదు. పార కొనడానికి బయల్దేరింది. దుకాణాలన్నీ మూసేశారని గుమ్మం దగ్గర నేను గుర్తు చేయాల్సి వచ్చింది.

వచ్చిన ముక్క తోటలానే లేదు. అంతకు ముందు వాళ్లు పిల్లల ఈత తొట్టి కోసం నేలంతా కంకర పరిచి వదిలేశారు. సంఘం అధ్యక్షుడు క్రేమర్ గారు కంచె అవతల, దూరంగా నిలబడి నిబంధన చదివి వినిపించాడు. మూడో వంతు నేలలో కూరగాయలో పళ్లో పెరగాలి. ఆయన నోట అమ్మమ్మ పేరు 'ఫ్రావ్ దేవి', అంటే దేవి గారు.

"మే మొదట్లో వచ్చి చూస్తాం, ఫ్రావ్ దేవి. లేకపోతే వరసలో తర్వాతి వాళ్లకి ఇచ్చేయాలి. ఇళ్లలో కూర్చోలేక ఇప్పుడు ఊరు ఊరంతా తోటే అడుగుతోంది."

"ఇచ్చేయమనండి చూద్దాం" అంది అమ్మమ్మ తెలుగులో. జర్మన్‌లో మాత్రం "సరేనండి" అంది.

కంకర ఎత్తడానికే నా నడుం పోయింది. దాని కింద మట్టి ఇటుకలా గట్టిగా, జీవం లేకుండా ఉంది. ఒక్క వానపాము కూడా కనబడలేదు.

"దీంట్లో మెంతులు జల్లితే మొలవ్వే, వేగుతాయి" అంది అమ్మమ్మ. "పెంట కావాలే పిల్లా. బాగా మాగిన పెంట."

"బస్తాల్లో అమ్ముతారు అమ్మమ్మా. దుకాణాలు తెరిచాక కొందాం."

"ఆళ్లు తెరిచేదాకా క్రేమరు ఆగుతాడా?"

గుట్ట అవతలి పల్లెలో హిల్డెగార్డ్ అనే ఆవిడకు గుర్రాల శాల ఉంది. లాండ్రీలో అమ్మమ్మతో కలిసి పనిచేసిన మనిషే. ఆవిడ దొడ్లో ఏళ్ల తరబడి మాగిన గుర్రపు లద్ది పోగుంది. ఎంత కావాలంటే అంత తీసుకెళ్లమంది. బూడిదోడికి వెనక కొక్కెం ఉంది. సంఘానికి ఒక చిన్న ట్రెయిలర్ ఉంది. ఇక మిగిలింది క్రేమర్ గారిని ఒప్పించడం.

"మీరెప్పుడైనా ట్రెయిలర్ లాగారా, ఫ్రావ్ దేవి?"

"చిన్నప్పుడు మా ఇంట్లో అదే పని" అంది అమ్మమ్మ. అక్కడితో ఆపింది. ఎద్దుల సంగతి ఎత్తలేదు.

ఖాళీగా పడి ఉన్న ఒక పార్కింగ్ స్థలంలో సాధన మొదలైంది. ముందుకు పోవడం బాగానే ఉంది. వెనక్కి తోలాలంటేనే ట్రెయిలర్ మొండికేసేది. స్టీరింగ్ కుడికి తిప్పితే అది ఎడమకు పోతుంది.

"ఇది మాట వినదేంటే? మా ఎడ్లు ఎనక్కి రమ్మంటే ఎనక్కే వచ్చేవి!"

"ఎడ్లకి స్టీరింగ్ లేదు అమ్మమ్మా."

"నీకు నోరుంది. దిగి, అక్కడ నిలబడి చెయ్యూపు."

ఊపాను. ఒక లైటు స్తంభానికి ముద్దు పెట్టబోయింది, తప్పించాం. మర్నాడు మళ్లీ వెళ్లాం. ఆ మర్నాడు కూడా. చివరికి రెండు పూలకుండీల మధ్యలోకి ట్రెయిలర్‌ని అద్దం చూసుకుంటూ పెట్టేసింది. పెట్టి, కిటికీలోంచి నా వంక ఒక చూపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ ఇంట్లో గిన్నెలు తోమేటప్పుడు నాకు ఉపయోగపడుతుంది. ఆవిడతో వాదన పెట్టుకోకుండా తోమేస్తాను.

తోట గేటులోకి బండ్లను శనివారం పొద్దున మాత్రమే రానిస్తారు. మధ్యాహ్నం తోటల్లో చప్పుడు చేయకూడని వేళ ఒకటుంది, ఆ నిశ్శబ్ద సమయం మొదలయ్యేసరికి గేటుకి తాళం పడుతుంది. ఆ శనివారం తప్పితే మొక్క మొలిచే వ్యవధి లేదు. తెల్లారకముందే లేచి, రవిక గుడ్డతో కుట్టిన మాస్కులు కట్టుకుని బయల్దేరాం.

ఎరువు ఎత్తడం మొదలుపెట్టాక తగువొచ్చింది. నేను ముందు వైపు వేస్తుంటే అమ్మమ్మ పార అడ్డం పెట్టింది.

"ఎనక్కెయ్, ఎనక్కి. ముందేస్తే బరువంతా ఆడి మెడ మీద పడదా? మెడ పుండయిపోద్ది."

"వాడికి మెడ లేదు అమ్మమ్మా! కొక్కెం ఉంది."

"మా నాన్న బండికెత్తడం నేను సూశానా, నువ్వు సూశావా?"

హిల్డెగార్డ్ కూడా దూరం నుంచి రెండు చేతులూ ఊపుతూ "ముందుకి, ముందుకి" అని అరిచింది. అమ్మమ్మ ఆవిడకు తియ్యగా చెయ్యూపి నాతో అంది: "ఆవిడ గుర్రాలు కూర్చుని తింటాయే. బండి లాగే గొడ్డు కట్టం ఆవిడకేం తెలుసు?"

వెనక భాగం నిండుగా, ముందు పలచగా ఎత్తి, పైన వల కట్టాం. బూడిదోడి వెనక భాగం కొంచెం పైకి లేచినట్టు కనిపించింది. "సూశావా, తేలిగ్గా ఉందాడికి" అని అమ్మమ్మ బానెట్ చరిచింది.

గుట్ట ఎక్కినంతసేపూ బాగానే ఉంది. దిగడం మొదలయ్యాక ట్రెయిలర్ ఒకసారి ఎడమకు ఊగింది. తర్వాత కుడికి. ఆ తర్వాత దాని ఊపుకి కారు కూడా ఊగడం మొదలైంది. ఎదురుగా పాల ట్యాంకర్ వస్తోంది. అమ్మమ్మ కాలు పెడల్ మీంచి తీసేసింది. రెండు చేతులతో స్టీరింగ్‌ని బిగించి నిటారుగా పట్టుకుంది. టకటకలు లేవు, నాయనా లేదు. ట్యాంకర్ హారన్ మోగిస్తూ పక్కనుంచి పోయింది. వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గింది. పక్కన ఖాళీ జాగా చూసి ఆపింది. వల కిందనుంచి జారిన లద్ది రోడ్డు మీద మా వెనకాలే గీత గీసుకుంటూ వచ్చింది.

అమ్మమ్మ దిగి, ట్రెయిలర్ చుట్టూ తిరిగి, కారు వెనక భాగాన్ని చేత్తో నొక్కి చూసింది. అది స్ప్రింగులా లేచింది.

"ఎద్దుకి బరువు తగ్గిస్తే సుఖం" అంది మెల్లగా. "ఈడికి కాస్త బరువు పెడితేగానీ కాలు నేల మీద నిలవట్లేదు."

"ఇప్పుడేం చేద్దాం? వెనక్కి పోదామా?"

"ఎనక్కెందుకే? పార తియ్యి."

రోడ్డు పక్కన నిలబడి, వెనకది ముందుకీ చక్రాల మీదికీ మార్చడం మొదలుపెట్టాం. సగంలో పోలీసు కారు వచ్చి ఆగింది. కారణం లేకుండా ఇల్లు దాటకూడని రోజులవి. కుర్ర పోలీసు మాస్కు సర్దుకుని, బయటికి ఎందుకొచ్చారని అడిగాడు. అమ్మమ్మ పార నేలకు ఆనించి, నేలలో మూడో వంతు నిబంధన, క్రేమర్, కంకర, బాత్‌టబ్బులో చుక్కకూర, అన్నీ వరసగా చెప్పింది. ఆయన నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

"రోడ్డు మీద పడింది కూడా ఎత్తేయండి" అన్నాడాయన చివరికి.

"ఎత్తకుండా వదులుతానా? అంతా నాదే" అంది అమ్మమ్మ.

మిగతా దారంతా బూడిదోడు బుద్ధిగా నడిచాడు. కానీ మేం చేరేసరికి గేటుకి తాళం పడింది. క్రేమర్ గారు అవతల తన తోటలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి, గడియారం చూసి, లేచి వచ్చాడు.

"బండి లోపలికి రాకూడదు, ఫ్రావ్ దేవి. నిశ్శబ్ద సమయం."

"మనిషి రావచ్చా?"

"మనిషి... రావచ్చు."

"అయితే బండి ఇక్కడే ఉంటుంది" అని, పక్కనున్న చిన్న తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఒంటి చక్రం తోపుడు బండి తెచ్చింది. దాని చక్రం కీచుమంటే కొబ్బరి నూనె రాసింది. ఆ మధ్యాహ్నమంతా చప్పుడు లేకుండా, పార అంచు ఇనుముకి తగలకుండా, పిల్లుల్లా మోశాం. క్రేమర్ గారు కుర్చీలోనే ఉన్నాడు గానీ నిద్ర మాత్రం పోలేదు. సాయంత్రం ఖాళీ ట్రెయిలర్‌ని కడిగి ఇస్తే, తాళం తీసి తనే దారి చూపించాడు.

ఆపై రోజుల్లో బంగాళాదుంపలు, ఉల్లి, ముల్లంగి, పాలకూర, మెంతి పడ్డాయి. చలి రాత్రుల్లో అమ్మమ్మ మళ్ల మీద పాత నేత చీరలు కప్పింది. నేను చీరలు మడతేస్తూ గొణిగాను, ఆవిడ వినలేదు.

మేలో క్రేమర్ గారు కొలత టేపుతో వచ్చాడు. మళ్లు ఒకటొకటే కొలుస్తూ, మెంతి దగ్గర వంగి ఆగాడు.

"ఇది కలుపు మొక్క కదా?"

"కూర" అని అమ్మమ్మ ఒక రెమ్మ తుంచి, కంచె మీద పెట్టి, వెనక్కి జరిగింది. ఆయన మాస్కు దించి నమిలాడు. మొహం ముడుచుకుంది. అయినా ఉమ్మలేదు, మింగాడు. మళ్లీ టేపు పట్టాడు. అమ్మమ్మ చెయ్యి నా మణికట్టుని గాజులు గుచ్చుకునేలా పట్టుకుంది.

"ఇది మూడో వంతు కాదు, ఫ్రావ్ దేవి."

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"సగం దాటింది. మీరు కూర్చోవడానికి జాగా ఎక్కడ?"

"కూర్చోవడానికి మా ఇంట్లో మూడు కుర్చీలున్నాయండి" అంది అమ్మమ్మ, నా చెయ్యి వదులుతూ. "వచ్చే శనివారం ట్రెయిలర్ ఖాళీయేనా?"