నీళ్లర్ర ఆరిన ఎండాకాలం

మొన్న వానలు పట్టినప్పుడు, నల్లగొండలో మా మనవరాలు కొత్తగా కిరాయికి దిగిన ఇంటికి పోయి ఇట్లా కూర్చున్నానో లేదో, ఆ పిల్ల దుప్పటి కోసం గోడలోని అలమారా తలుపు తీసింది. తీయగానే తడి గోనెసంచిని మడతపెట్టి ఎండ తగలని మూలన మరిచిపోతే వచ్చే వాసన ఒకటి వచ్చి నా ముఖానికి తగిలింది. మనవరాలు ముక్కు చిట్లించి, లోపల ఇంత సెంటు కొట్టి తలుపు మూసేసింది. నాకు ఒళ్లు మండింది. సెంటు కొడితే బూజు పోతుందా? అలమారా ఖాళీ చేయించి గోడకు చెయ్యి ఆనిస్తే చల్లగా చెమ్మగా ఉంది, అవతల వైపు స్నానాలగది పైపు కారుతోంది. ఇంటి ఓనరుకు ఫోను చేయించి, పైపు బాగు చేయిస్తానని ఆయన నోట అనిపించేదాకా నేను అన్నం ముట్టలేదు. ముసలాయనకు చాదస్తం ముదిరిందని అనుకొని ఉంటారు, అనుకోనీ. ఆ వాసనతో, ఒక మనిషి ఊపిరి కోసం, ఏడాది పొడుగునా కొట్లాడినవాణ్ని నేను.

నల్లగొండ, పాలమూరు దిక్కు పుట్టిన మన ఈడు వాళ్లకు ఇంట్లో చెమ్మ అనేది ఒక కష్టమని ఎవరూ నేర్పలేదు. నేర్పడానికి చెమ్మ ఉంటే కదా. ఎండాకాలం పడుకునే చోట నీళ్లు చల్లుకుంటే చాప పరిచేలోపే నేల తెల్లబడేది, బావిలో వేసిన చేద రాతికి తగిలి ఖంగుమనేది. అలాంటి నేల మీద కట్టిన ఇల్లు మాది, మోత్కూరులో. రాయీ మట్టీ కలిపి పెట్టిన మందపాటి గోడలు, లోపల సున్నపు గిలాబు పూత, పైన బంగ్లపెంకలు. ముందు అర్రలో నా కుట్టుమిషను, వెనక అర్రలో మా సంసారం. నేను బడికి పోయింది తక్కువ. బట్టల మూటలకు చుట్టి వచ్చిన పాత పేపర్లను కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను, అందుకేనేమో అచ్చులో కనబడిందల్లా నమ్మే అలవాటు నాకు అంటలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, గల్లీలో అందరూ చేసినట్టే మేమూ ఆ పాత గిలాబు మీద సిమెంటు గిలాబు వేయించి, దాని మీద నిగనిగలాడే రంగు వేయించాం. మట్టిగోడ లోపలి తడిని మెల్లమెల్లగా బయటికి వదిలేస్తుందనీ, దాన్ని సిమెంటుతో మూసేస్తే ఆ తడి లోపలే చిక్కుకుపోతుందనీ ఒక్కడు చెప్పలేదు. సిమెంటు అమ్మేవాడు ఎందుకు చెప్తాడు, రంగు అమ్మేవాడు అసలే చెప్పడు. మనం కూడా అడగలేదనుకోండి. పక్కింటి గోడ మెరుస్తుంటే మన గోడ మట్టిరంగులో ఉండటం నామోషీగా తోచిన రోజులవి.

ఆ తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది. దూరపు నది నీళ్లు, తియ్యటి నీళ్లు, మా గడప లోపలికి వచ్చాయి. ఆ రోజు మా ఇంటామె నల్లాకు పసుపూ కుంకుమా పెట్టి, మొదటి బిందె పట్టి, దాని ముందే కూర్చుండిపోయింది. ఆమె పుట్టిల్లు మునుగోడు దిక్కు. ఆ ఫ్లోరైడు నీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు, తాగితాగి పళ్లు పచ్చబడి, ఎముకలు వంకర్లుపోయి, నడి ఈడుకే వెన్ను వంగి నేలను చూస్తూ నడిచిన మనుషుల ఊళ్లవి. ఆమె అక్కకు చిన్నతనంలోనే మోకాళ్లు ఒంగిపోయాయి. ఎక్కడో పొలాల అవతల ఒక మంచినీళ్ల బావి ఉంటే, అక్కడినుంచి తెచ్చిన నీళ్లు ఒక కుండలో పోసి, అక్క కోసమని మూతపెట్టి ఉంచేవాళ్లట, చెల్లెలు ఎంత దూపైనా ఆ కుండ ముట్టుకోకూడదు. ఆ కుండకు కాపలా ఈమె పని. ఒక ఎండాకాలం ఆ బావీ ఎండి, కుండ ఖాళీ అయి, అక్క మళ్లీ ఆ పాడునీళ్లే తాగడం చూసింది. నల్లా రాకముందే ఆ అక్క పోయింది.

అందుకని నల్లా వచ్చాక మా ఇంట్లో ఏం జరిగిందంటే, ఉన్న ప్రతి పాత్రా నిండింది. రాగి కాగులు, ఇత్తడి బిందెలు, స్టీలు డ్రమ్ములు, పెళ్లిళ్లకు వంట చేసే గుండిగలు, చివరికి పిల్లలు ఆడుకున్న బకెట్లు కూడా. వెనక అర్రలో గోడవారగా భూమిలోకి సగం పాతిన ఒక పాత గోళెం ఉండేది, దాన్నీ నింపింది. రోజూ నల్లా వచ్చేది, రోజూ పాత నీళ్లు వాడి కొత్త నీళ్లు పట్టేది, రేపు వస్తాయన్న నమ్మకం మాత్రం ఒక్కనాడూ ఆమెకు కలగలేదు. కిటికీ ముందు కూడా పాత్రలు పేర్చడంతో కిటికీ మూతపడింది. గల్లీ వాళ్లు ఆ అర్రకు నీళ్లర్ర అని పేరు పెట్టారు. నల్లా ముందుగా వస్తే వినబడదని ఆమె మంచం కూడా అందులోనే వేసుకుంది.

రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ కింది భాగంలో రంగు బుడగలు లేచి, ఉప్పులాంటి తెల్లటి సౌడు రాలడం మొదలైంది. ఆ పైన ఆవగింజలు చల్లినట్టు నల్ల మచ్చలు. నా దగ్గర కుట్టుకు ఇచ్చిన జాకెట్టు గుడ్డల్లోంచి కూడా ఆ వాసన వస్తోందని ఒకామె ముఖం మీదే అనేసి వాపసు తీసుకుపోయింది. రంగులు వేసే మా మేనల్లుణ్ని పిలిస్తే, ఒక్క కోటు వేస్తే జాడ కూడా దొరకదు మామా అన్నాడు, వేశాడు, నిజంగానే జాడ దొరకలేదు, బతుకమ్మ పండుగ దాకా. ఆ తర్వాత రంగును చీల్చుకుని మళ్లీ అవే మచ్చలు, ఈసారి అరచేతులంత. అప్పటికే ఆమెకు దగ్గు మొదలైంది. మొదట పొడి దగ్గు, తర్వాత ఈల వేసినట్టు ఊపిరి, తర్వాత నాలుగు మాటలు మాట్లాడితే ఆగి గాలి పీల్చుకోవడం. నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ మందులు రాస్తూ, ఇల్లు ఎట్లాంటిదని అడిగి, నేను చెప్పింది విని, పెన్ను పక్కన పెట్టింది. ఇంకో వానాకాలం ఆ అర్రలో పడుకుంటే ఈ మందులు పనిచేయవు, ఈమె ఊపిరికి నేను పూచీ పడలేను, ఇల్లన్నా ఆరాలి, ఈమన్నా ఇల్లు విడవాలి అని చెప్పింది. మా బిడ్డ వెంటనే హైదరాబాదు తీసుకుపోతానంది. మా ఇంటామె రానన్నది.

"నేను పోతే నల్లా ఎవలు పడ్తరు?"

దానికి జవాబుగా నేనేం చెప్పినా ఆమెకు జవాబు కాలేదు. నేను పడతానన్నాను. నీకు మిషను మీద కూర్చుంటే లోకం తెల్వదు అన్నది.

అప్పుడు మా బిడ్డే, పాత ఇళ్లలో చెమ్మా బూజూ తీసేవాళ్లు ఉంటారని ఎక్కడో కనుక్కుని, హైదరాబాదు నుంచి మనుషులను పంపింది. బూజు తీయడానికి కూడా ఒక కంపెనీ ఉంటుందా అని నేను ముందే మండిపడి కూర్చున్నాను. వచ్చింది ఒక ఆడపిల్ల, ఒక పనతను. ఆ పిల్లది పాలమూరు దిక్కు కోస్గి. చదువుకున్న పిల్ల, ముక్కూ నోరూ మూసే గట్టి మాస్కు కట్టుకుని, రెండు సూదులున్న చిన్న మిషనును గోడకు గుచ్చి గుచ్చి చూసింది. ముందు అర్రలో ఊరుకున్న ఆ మిషను నీళ్లర్రలో కూయడం మొదలుపెడితే ఆగలేదు. పనతను గోడకు ఒక సుత్తి దెబ్బ వేస్తే సిమెంటు పెచ్చు ఊడి, లోపలి మట్టి పిసికిన రొట్టెపిండిలా తడితడిగా కనబడింది. గోళెం అడుగున పగులుందని, ఆ నీళ్లే పునాదిలోకి దిగి పైకి ఎగబాకుతున్నాయని, ఈ పాత్రల చెమట, మూసిన కిటికీ, సిమెంటు అన్నీ తోడయ్యాయని ఆ పిల్ల నాకు నిదానంగా చెప్పింది. మందు కొట్టి, గీకి, తుడిచి పోవడం తనకు ఒక పూట పని, కానీ నీళ్లు ఇక్కడే ఉంటే వచ్చే వానలకు మళ్లీ వస్తుంది, అట్లాంటి పని నేను చేయను తాతా అంది. కంపెనీల మీద నాకున్న కోపం ఆ మాటకు సగం చల్లారింది.

మా ఇంటామె మాత్రం మంచం మీదినుంచి లేచి గోళేనికి అడ్డంగా నిలబడింది. నేను గట్టిగా అరిచి, బిందెలు నేనే తీసుకుపోయి మోరీలో పారబోస్తానని ముందుకు పోయాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమెను ఒక్క మాట అనకుండా, చెమ్మ పీల్చే మిషనును అర్ర మధ్యలో పెట్టి, తలుపు మూసి నడిపించి, మా వాకిట్లో కూర్చుని, వాళ్ల కోస్గి దిక్కు వాన కోసం మొగులు చూసే రోజుల కబుర్లు పెట్టింది. అంతా విని మా ఇంటామె, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ, తన అక్క కుండ సంగతి చెప్పింది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమె పరాయి మనిషికి చెప్పడం నేను అదే మొదటిసారి చూడటం.

పొద్దు వాలే వేళకు తలుపు తీసి మిషను కింది డబ్బా లాగితే, అంచుదాకా నీళ్లు. ఆ పిల్ల వాటిని మోరీ దిక్కు తీసుకుపోతుంటే మా ఇంటామె అడ్డం వచ్చి డబ్బా పట్టుకుంది.

"గిన్ని నీళ్లు పారబోస్తవా బిడ్డా?"

"తాగరావు అవ్వా ఇవి. నీ గోడలకెల్లి, నీ గాలిలకెల్లి తీసినవి. పాడునీళ్లు."

ఆమె డబ్బాలో వేలు ముంచింది, వాసన చూసింది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు మెల్లగా అంది.

"మంచినీళ్లు తెచ్చి పాడునీళ్లు చేస్తున్ననా నేను?"

ఇదిగో, డాక్టరమ్మ చెప్పిన మాటా, బిడ్డ బతిమాలుడూ, నా అరుపులూ చేయలేని పని ఆ మాట చేసింది. తన ఊపిరి పోతుందంటే కదలని మనిషి, మంచినీళ్లు చెడుతున్నాయంటే కదిలింది. అయినా ఒక్క చుక్క పారబోయనివ్వలేదు. మర్నాడు పొద్దున పనతన్నీ నన్నూ వెంటబెట్టుకుని, గల్లీలో ఒక్కో ఇంటికీ ఒక్కో పాత్ర చేర్చింది. అడుగడుక్కీ గోడ పట్టుకుని ఆగుతూ, ఆయాసపడుతూ, ప్రతి గడప దగ్గరా అదే ఒప్పందం. ఈ కాగు మీ ఇంట్లో ఉంచుకోండి, రోజూ మార్చి నింపండి, నల్లా బందైన నాడు ఇది నాది అని ఇయ్యాలి. పక్కింటి కోడలు నవ్వు ఆపుకోలేక, "బ్యాంకుల ఏసినట్టు మా ఇంట్ల ఏస్తున్నవా అత్తా?" అని అడిగింది. "బ్యాంకైతే చీటీ ఇస్తది. నీ మీద నమ్మకంతోని ఇస్తున్న, రేపు అడిగితే మర్లబడకు," అన్నది మా ఇంటామె. ఒక్కరు కూడా వద్దనలేదు. గోళెం నీళ్లు తోడి గల్లీలోని చెట్లన్నిటికీ పోయించాక, దాన్ని తవ్వి తీసి వాకిట్లో బోర్లించాం.

ఆ ఎండాకాలమంతా నీళ్లర్ర ఆరింది. ఆ పిల్ల మనుషులు బూజును తడిగుడ్డలతో తుడిచి, దుమ్ము లేవకుండా సిమెంటంతా పెళ్లగించి, బూజు పట్టిన దూది పరుపును మూటగట్టి తీసుకుపోయారు. గోడను అలాగే బోడిగా వదిలేశారు. కిటికీ తెరిచాం. మన దిక్కు ఎండలను నేను జీవితమంతా తిట్టినవాణ్నే, ఆ యేడు మాత్రం మధ్యాహ్నం పూట ఆ కిటికీలోంచి వేడిగాలి లోపలికి కొడుతుంటే, గోడ కింది నుంచి తెల్లబడుతుంటే, దండం పెట్టబుద్ధయింది. ఆ పిల్ల మళ్లీ వచ్చి సూదులు గుచ్చినప్పుడు మిషను కూయలేదు. అప్పుడే సున్నపు గిలాబు వేయించాం. ఆ వానాకాలం మా ఇంటామె అదే అర్రలో మంచం గోడకు ఎడంగా వేసుకుని పడుకుంది. ఆమె ఊపిరి చప్పుడు వినబడకపోవడం నాకు కొత్తగా ఉండి, మొదట్లో నేనే లేచి దగ్గరికి పోయి చూసేవాణ్ని.

సాయంత్రాలు ఆమె గల్లీలోకి పోయేది. ఊరికే కాదు, తన నీళ్లు చూసుకోవడానికి. ఒక్కో ఇంట్లో మూత తీసి చూడటం, పాత నీళ్లుంటే ఆ ఇంటి కోడలిని నాలుగు మాటలనడం, వాళ్లిచ్చిన చాయ తాగడం, ఇంకో గడప. మొదట పక్కింటి దాకా, తర్వాత మలుపు దాకా, తర్వాత గల్లీ చివరి దాకా. ఆయాసం లేకుండా అంత దూరం నడిచి, మాట్లాడి, తిట్టి రావడం చూసి డాక్టరమ్మ కూడా మందులు తగ్గించింది. నల్లా బందైతే ఆ పాత్రలన్నీ నిజంగా తిరిగి వస్తాయా అని నేను వేళాకోళం చేస్తే, నీకు మనుషులు తెల్వరు అనేది. ఎప్పుడన్నా ఒకటి రెండు రోజులు నల్లా రాకపోతే, ఆమె అడగకముందే వాకిట్లో బిందెలు ఉండేవి.

రెండేళ్ల కింద, చలికాలంలో ఆమె పోయింది. ఆయాసంతో కాదు, వయసు నిండి, తేలికగా ఊపిరి తీసుకుంటూనే పోయింది. ఆ అర్ర ఇప్పుడు ఎండిన గవ్వలా ఉంది, గోడకు చెయ్యి ఆనిస్తే పొడిగా సున్నం అంటుతుంది. పాత్రలు తెచ్చి ఇస్తామని గల్లీ వాళ్లంటే, వద్దన్నాను, ఉండనివ్వండి అన్నాను. కానీ గల్లీ కూడా అట్లాగే ఉండిపోలేదు. కొందరు ఇళ్లు పడగొట్టి అంతస్తులు లేపారు, కొందరు కిరాయికి ఇచ్చి పట్నం పోయారు, పోయేటప్పుడు ఎవరి సామానుతో మా కాగులు, బిందెలు పోయాయో నేను లెక్క చూడలేదు. మొన్నొక సాయంత్రం ఉండబట్టలేక ఆమె తిరిగిన దారినే నేనూ పోయాను. మిగిలిన పాతవాళ్ల ఇళ్లలోనూ మా పాత్రలు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. మలుపు దగ్గరి ఇంట్లో కొత్తవాళ్లు. తలుపు తీసిన పిల్ల ఎవరు కావాలి అని అడిగితే ఏం చెప్పాలో తోచక, దూపైతాంది బిడ్డా, మంచినీళ్లు ఇయ్యి అన్నాను. ఫ్రిజ్జులోంచి సీసా తెచ్చి, కూర్చో తాతా అని కుర్చీ వేసింది. నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి. జీవితమంతా తప్పులు పట్టినవాణ్ని, ఆ పిల్లలో పట్టడానికి నాకు ఒక్క తప్పు కూడా దొరకలేదు. నీళ్లకు ఇప్పుడు కొదవ లేదు, ఎవరు అడిగినా ఎవరైనా ఇస్తారు, నిజంగా మంచి రోజులే వచ్చాయి. ఖాళీ సీసా ఆ పిల్లకిచ్చి గల్లీలోకి దిగాక మాత్రం అనిపించింది, ఇక ఈ ఊళ్లో ఏ ఇంట్లోనూ ఒకరి కోసమని మూతపెట్టి ఉంచిన నీళ్లు లేవని.