చీటీల్లో వచ్చిన ఉద్యోగం

2018 వేసవి. ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో మా ట్రైనింగ్ సెంటర్ ఉండేది. కింద చీరల బేరాలు, పైన మా ఉద్యోగాల బేరాలు. అక్కడ నేను కెరీర్ కౌన్సెలర్‌ని. చదువు ముగిసి ఏ దారి పట్టాలో తెలియని పిల్లలతో మాట్లాడి, వాళ్లకు సరిపడే పని ఏదో తేల్చి, రిపోర్ట్ రాసి సంతకం పెట్టడం నా పని. అంతకుముందు పదకొండేళ్లు జమ్మలమడుగులో ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేశాను. మా తాత, మా నాయన మిషన్ బళ్లలో పంతుళ్లు కాబట్టి నన్నూ పంతులమ్మను చేశారు. నీకేం కావాలని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అందుకేనేమో, ఇంకొకరిని ఆ మాట అడిగే ఉద్యోగం దొరికితే ఎగిరి గంతేశాను.

మా దగ్గర వర్క్ వాల్యూస్ కార్డులని ఇరవై ఉండేవి. వర్క్ వాల్యూస్ అంటే, చేసే పనిలో ఏది లేకపోతే మనకు ఊపిరాడదో అది. ఇష్టం వేరు, తెలివి వేరు, ఇది వేరు. లెక్కలు బ్రహ్మాండంగా వచ్చిన పిల్లవాడు నలుగురితో మాట్లాడకుండా ఉండలేకపోవచ్చు. వాడిని తీసుకుపోయి ఒంటరి గదిలో కూర్చోబెడితే ఏడాదికల్లా ఎండిపోతాడు. ఒక్కో కార్డు మీద ఒక్కో మాట రాసి ఉంటుంది. వాటిని తప్పనిసరి, ఉంటే మంచిది, అక్కర్లేదు అని మూడు కుప్పలు వేసి, మొదటి కుప్పలోంచి ఐదు ఏరి వరుసగా పేర్చాలి. దీన్ని కార్డ్ సార్ట్ అంటాం.

నాకొక పద్ధతి ఉండేది. కార్డులు తీసే ముందు పిల్లల వెంట వచ్చిన పెద్దవాళ్లను టీ తాగి రమ్మని కిందికి పంపేసేదాన్ని. నాయన పక్కనుంటే మా వైపు పిల్లల చెయ్యి నేరుగా "కుటుంబానికి మంచిపేరు" అనే కార్డు మీదికే పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉండేది. పల్లెల నుంచి వచ్చే పెద్దలు ఆ కార్డులు చూడగానే చిలక జోస్యం చీటీలనుకునేవారు. "మా వానికి ఏం పడింది మేడం?" అని ఆత్రంగా అడిగేవారు. "జోస్యం కాదప్పా, ఇది మీ వాని మనసు" అని నవ్వుతూ చెప్పేదాన్ని. రోజుకు పదిసార్లు చెప్పినా విసుగనిపించేది కాదు. ఒక్క రోజు మాత్రం చెప్పలేదు.

ఆ రోజు వచ్చినవాళ్లు ముద్దనూరు దగ్గరి పల్లె నుంచి ఓబులేసు, ఆయన కూతురు భవాని. గొర్రెలు మేపుకునే కుటుంబం. భవాని ఇంటర్ బైపీసీ పాసై రెండు మూడేళ్లుగా నాయనతో పాటు మందను చూసుకుంటోంది. ఓబులేసు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడం, నా బతుకు గొర్ల యెనకాలే తెల్లారిపాయ. పాపకన్నా నీడపట్టున కూచునే పని సూపియ్యండి. ఎండకు ఎట్ల నల్లబడిందో సూడండి" అన్నాడు.

ఆయన్ను టీకి పంపి కార్డులు పరిచాను. భవాని అందరిలా గబగబా పంచలేదు. ఒక్కో కార్డు తీసి, అర్థం అడిగి, ఆలోచించి పెట్టింది. మొదటిది "ప్రాణం నిలబెట్టే పని". తరవాత "చేసినదాని ఫలితం కళ్లతో చూడటం", "ఆరుబయట పని", "సొంతంగా నిర్ణయం తీసుకోవడం", "రోజూ కొత్తది నేర్చుకోవడం". "స్థిరమైన ఉద్యోగం", "నలుగురిలో హోదా" రెండూ అక్కర్లేని కుప్పలో పడ్డాయి. ప్రాణం నిలబెట్టే పని మొదట ఎందుకు పెట్టావని అడిగాను. అడగడం మా పద్ధతి. చాలామంది అక్కడ నీళ్లు నములుతారు.

"పోయిన నెల ఒక గొర్రె ఈనలేక శానా తిప్పలు పడింది మేడం. పిల్ల అడ్డం తిరిగినాది. నాయన వదిలేయమన్న్యాడు. నేను సెయ్యి పెట్టి సర్ది తీసినా. పిల్ల కదల్లా. ముక్కులో జిగురు తీసి, గడ్డిపోసతో మెల్లగా గిల్లితే తుమ్మింది" అంది. చెబుతూ తనే చెయ్యి చాచి చూపించింది. "ఆ తుమ్ము ఇనపడితే సాలు మేడం, ఆ పొద్దు అన్నం గూడా అక్కర్ల్యా."

పశుసంవర్ధక పాలిటెక్నిక్‌కు దరఖాస్తు పెట్టాలని ఆమె కోరిక. రెండేళ్ల డిప్లొమా. వయసు పరిమితి వల్ల ఆమెకు అదే ఆఖరి ఏడాది. శుక్రవారంతో గడువు ముగుస్తుంది. ఫారం నింపి సంచిలో పెట్టుకుని వచ్చింది కూడా. "నాయన మళ్లా గొర్ల పనేనా అంటాండాడు. మీరొక మాట సెప్పండి మేడం, మీరు సెప్తే ఇంటాడు" అంది. నా ఉద్యోగంలో అంత తేలికైన కేసు నాకెప్పుడూ రాలేదు. రిపోర్ట్‌లో నాలుగు వాక్యాలు రాస్తే చాలు.

భవాని లేచి మూలనున్న కుండలో నీళ్లు తాగడానికి వెళ్లింది. అప్పుడే మా మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "హాస్పిటల్ ఫ్రంట్ ఆఫీస్ బ్యాచ్‌కు ఒక్క పేరు తక్కువుంది మేడం. సాయంత్రానికి లిస్టు పోకపోతే బ్యాచ్ రద్దవుతుంది. మీ కాంట్రాక్ట్ రెన్యూవల్ కూడా ఈ నెలే కదా" అని గుర్తుచేసి వెళ్లాడు. ఫ్రంట్ ఆఫీస్ అంటే ఆసుపత్రి కౌంటర్‌లో కూర్చుని పేర్లు రాసుకునే పని. మేనేజరు నన్ను బెదిరించలేదు. పాపం, ఆయనకు అంత అవసరం కూడా రాలేదు. మెట్ల మీద ఓబులేసు చెప్పుల చప్పుడు వినిపించింది. నా చేతులు వాటంతటవే కదిలాయని రాస్తే బాగుంటుంది కానీ, అబద్ధం. నేనే కదిపాను. "ఆరుబయట పని", "సొంతంగా నిర్ణయం" తీసేసి, ఆ చోట "స్థిరమైన ఉద్యోగం", "నలుగురిలో హోదా" పెట్టాను.

ఓబులేసు బల్ల ముందు నిలబడి, "ఏం పడినాయి మేడం మా పాపకు?" అన్నాడు.

జోస్యం కాదప్పా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "స్థిరమైన ఉద్యోగం పడింది. హోదా పడింది. ఆసుపత్రిలో కూర్చుని చేసే పని ఉంది, సరిగ్గా సరిపోతుంది" అన్నాను.

ఆయన ఆ రెండు కార్డులనూ రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "సూసినావా పాపా, దేవుడు సెప్పినాడు" అన్నాడు. భవాని చేతిలో గ్లాసుతో కుండ దగ్గరే నిలబడి ఉంది. నా వైపు ఒకసారి చూసి, కార్డుల వైపు చూసి, తలదించుకుంది. ఒప్పుకుందనుకున్నాను. అలా అనుకుంటేనే నాకు వీలుగా ఉండింది. బ్యాచ్ నిండింది. నా కాంట్రాక్ట్ ఇంకో ఏడాదికి పెరిగింది.

ఆరేళ్ల తరవాత మోకాలి నొప్పితో పులివెందులలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. అప్పటికి ఆ సెంటర్ మానేసి చాలాకాలమైంది. కౌంటర్‌లో నీలం కోటు వేసుకున్న అమ్మాయి కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండానే "పేరు? వయసు?" అంది. పేరు చెప్పగానే తల ఎత్తింది. భవాని. నల్లగా ఉండే పిల్ల తెల్లబడింది. అది ఆరోగ్యం తెలుపు కాదు.

"బాగుండావా?" అన్నాను.

"బాగుండా మేడం. కుర్చీ ఉంది, ఏసీ ఉంది. నాయన అడిగినవన్నీ ఉండాయి."

"నాయన ఎట్లుండాడు? గొర్రెలు?"

"గొర్లు అమ్మేసినాడు. నేను వచ్చేసినాక ఈనే కాలంలో నాలుగు సచ్చిపాయ. సూసేటోళ్లు యాడుండారు? ఇప్పుడు ఆయన గూడా నీడపట్టునే కూచుంటాడు, పొద్దు పోక."

ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ పాలిటెక్నిక్ సంగతి తరవాత ప్రయత్నించలేదా అని అడిగాను. నోరు జారడమంటే అదే, ఆమెకు ఆ ఏడే ఆఖరని నాకు తెలుసు. ఆమె కీబోర్డు మీద చేతులు ఆపింది.

"ఆ పొద్దు మీరు రెండు చీటీలు మార్చినారు మేడం. నేను కుండ కాడి నుంచి సూసినా" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త సులువయ్యేది.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"మీకేదో తెలుసు అనుకున్యా. సదువుకున్నోళ్లు, నా మంచికే మార్చింటారులే అనుకున్యా. మా నాయన దేవుడు సెప్పినాడు అనుకున్యాడు, నేను మీరు సెప్పినారు అనుకున్యా. అంతే." మళ్లీ తనే అడిగింది. "ఇంతకూ ఎందుకు మార్చినారు మేడం?"

నా వెనక వరుసలో జనం కదులుతున్నారు. ఎవరో పెద్దాయన దగ్గుతున్నాడు. బ్యాచ్‌కు ఒక పేరు తక్కువైందని, నా ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టదు. చెప్పలేకపోయాను. "ఇప్పుడవన్నీ ఎందుకులేమ్మా" అన్నాను. ఆమె తలూపి టోకెన్ చేతిలో పెట్టింది. "ఆడ కూచోండి మేడం, పిలుస్తారు" అని నా వెనకున్న పెద్దాయన పేరు అడిగింది.

ఇప్పుడు అప్పుడప్పుడూ కాలేజీలకు పిలిస్తే వెళ్లి పిల్లలతో పని ఎంచుకోవడం గురించే మాట్లాడుతుంటాను. కార్డులు తీసుకుపోవడం మానేశాను. మీరు పనిలో ఏం కోరుకుంటారో కార్డుల మీద వెతకొద్దని, దేనికోసం ఒక పూట అన్నం కూడా మరిచిపోయారో గుర్తు తెచ్చుకోమని చెబుతాను. ఆ మాట భవానిదని మాత్రం చెప్పను. ఏ ఊరి పిల్లో, ఏం చదివిందో అడుగుతారు. ఇప్పుడేం చేస్తోందని అడుగుతారు.

ఒకసారి ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆ ఇరవై కార్డులనూ నాకోసం పేర్చుకున్నాను. "ఇతరులకు మేలు చేయడం" మొదట పెట్టాను, టీచరమ్మను కదా. కాసేపు చూసి, తీసేసి, "స్థిరమైన ఉద్యోగం" పెట్టాను. ఈసారి కార్డు మార్చినందుకు సిగ్గుపడలేదు. అది దాని చోటుకే వచ్చింది.