తీసేసిన టిక్కు

ఆసుపత్రిలో ఆమెను అందరూ కొలతలక్క అంటారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. నీళ్ళ ట్యాంకు ఎన్నింటికి నిండుతుందో, గ్యాస్ సిలిండరు ఏ వారం అయిపోతుందో, కూతురి కొత్త బూట్లు ఎన్నో నెలకు బిగుతవుతాయో ముందే చెప్పేస్తుంది. చెప్పినవి చాలావరకు నిజమవుతాయి కూడా, ఇంట్లోవాళ్ళకు ఒళ్ళుమంట అందుకే. "నా ఆయుష్షు కూడా కొలిచి పెట్టుకునే ఉంటుంది మా కోడలు, నాకు మాత్రం చెప్పదు" అని అత్తగారు పక్కింటావిడతో అంటూ ఉంటుంది. అంటూనే, సిలిండరు ఎప్పుడు బుక్ చెయ్యాలో కోడల్నే అడుగుతుంది.

ఆమె ఉద్యోగం కూడా కొలవడమే. ఆసుపత్రి కంప్యూటర్లలో ఉన్న సమాచారం మొత్తానికి రోజూ నకలు తీయించాలి. ఆ నకళ్ళకు ఎంత చోటు కావాలో, తీయడానికి ఎన్ని గంటలు పడుతుందో రెండు మూడేళ్ళ ముందే లెక్కగట్టాలి. దీన్ని బ్యాకప్ అంటారని చెబితే చుట్టాలు బుర్ర గోక్కుంటారు. భర్త బస్సు డ్రైవరు, ఆయనే వాళ్ళకు విడమరిచి చెబుతాడు: "బస్సుకు స్టెపినీ టైరు ఉంటుందే, మా ఆవిడ అది చూసుకుంటుంది." దాంతో అందరికీ అర్థమైపోతుంది.

ఆమె ఆ ఆసుపత్రిలో చేరి పద్దెనిమిదేళ్ళు. మొదట రికార్డుల గదిలో టైపిస్టు. రోగుల వివరాలు మందపాటి అట్టకార్డుల మీద రాసిపెట్టే రోజులవి. తర్వాత అన్నీ కంప్యూటర్లలోకి ఎక్కించి, కార్డులను లారీకెత్తి కాగితం మిల్లుకు తోలేశారు. లారీ దగ్గర నిలబడి పెట్టెలు లెక్కపెట్టి పంపింది ఆమే. రేడియేషన్ విభాగం పెద్ద డాక్టరుకు మాత్రం మనసొప్పలేదు. ఆయన విభాగంలో ఒక్కో క్యాన్సరు రోగికి కిరణాలు పెట్టే సిట్టింగులు ముప్ఫై దాకా ఉంటాయి. ఏ రోజు ఎంత మోతాదు ఇచ్చారో, ఇప్పటిదాకా ఎన్ని అయ్యాయో రాసి ఉండాలి. తక్కువైతే గడ్డ మిగిలిపోతుంది, ఎక్కువైతే మంచి కండ కూడా మాడిపోతుంది. కంప్యూటరు పాడైతే నా రోగుల గతేమిటని ఆయన ఆ రోజు లారీ వెనకాలే తిరిగాడు. నేను చూసుకుంటాను సార్ అని ఆమె మాటిచ్చింది. మాటివ్వడం తేలికే, దాని బరువు ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది.

ఏళ్ళ తరబడి మాట నిలబెట్టుకుంది కూడా. ఆ తర్వాత ఆసుపత్రికి కొత్త స్కానింగు యంత్రం వచ్చింది. దాని బొమ్మలు ఒక్కొక్కటీ పాతవాటికి పదింతల చోటు మింగేవి. మూడేళ్ళకు సరిపోతుందని ఆమె వేసిన చోటు పద్నాలుగు నెలల్లో నిండిపోవచ్చింది. అంతకంటే పెద్ద చిక్కు సమయంతో వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికల్లా ముగిసే నకలు పని ఉదయం తొమ్మిదైనా సాగేది. ఏడింటికి రేడియేషన్ విభాగం తెరిచేసరికి తెరలు నత్తనడక నడిచేవి. రోగి బల్ల మీద పడుకుని ఉంటాడు, అతని వివరాలు మాత్రం రావు. పెద్ద డాక్టరు స్వయంగా కంప్యూటర్ల విభాగం ఉన్న నేలమాళిగలోకి దిగివచ్చి అక్కడి మేనేజరుకు తలవాచేలా చివాట్లు పెట్టాడు. మేనేజరు ఆ చివాట్లను అలాగే తెచ్చి కొలతలక్క బల్ల మీద గుమ్మరించాడు. వారం గడువు. నకలు పని మొత్తం ఆరు గంటల వ్యవధిలో ముగియాలి.

ఆమె ఆ వారం అన్నం ఎప్పుడు తిన్నదో ఆమెకే తెలియదు. ఒకేసారి నాలుగు దారుల్లో నడిచే పనిని ఎనిమిది దారులు చేసింది. డిస్కులు తోపులాడుకుని ఇంకా ఆలస్యమైంది. ఆరు దారులకు తగ్గించింది. చిన్న ముక్కలుగా పంపేదాన్ని పెద్ద ముక్కలు చేసింది. మారని పాత బొమ్మలను ఆదివారానికి నెట్టింది. పదకొండు గంటలు కాస్తా ఎనిమిదిన్నరకు దిగింది. అక్కడ మొరాయించింది. ఇక మిగిలింది ఒకే ఒక్క టిక్కు. రాసిన నకలును తిరిగి చదివి, అసలుతో పోల్చి సరిచూడమని యంత్రానికి చెప్పే టిక్కు అది. దాని ఒక్కదానికే దాదాపు మూడు గంటలు పట్టేది. నకళ్ళ చోటు కోసం ఆర్డరు పెట్టిన కొత్త డిస్కుల అర వచ్చేదాకానే అనుకుని దాన్ని తీసేసింది. మర్నాడు నకలు అయిదు గంటల నలభై నిమిషాల్లో ముగిసింది.

అంతే, ఆకాశానికెత్తేశారు. మేనేజరు ఆమె పేరు మీద ప్రశంసాపత్రం రాయించి, అద్దం కట్టించి హాల్లో వేలాడదీశాడు. ఆ టిక్కు సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మూడు నెలలకు కొత్త డిస్కుల అర వచ్చింది. ఆ రోజే టిక్కు మళ్ళీ పెట్టాలి. కానీ అరతో చోటు పెరిగింది గానీ వేగం పెరగలేదు. పెడితే పని మళ్ళీ ఎనిమిదిన్నర గంటలకు ఎక్కుతుంది, ఎందుకెక్కిందని అడుగుతారు, అప్పుడు అద్దంలో కాగితం చూసి అందరూ నవ్వుకుంటారు. వచ్చే సోమవారం పెడదాం అనుకుంది. ఎన్నో సోమవారాలు వచ్చి వెళ్ళాయి.

టిక్కు తీసేసిన ఈ ఏడు నెలల్లో ఆమెకు కంటి నిండా నిద్రపట్టిన రోజులు తక్కువ. పొద్దున్నే తెర మీద 'పూర్తయింది' అని పచ్చ అక్షరాలు కనబడతాయి. రాయడం పూర్తయిందనే వాటి అర్థం, సరిగ్గా రాసిందని కాదు. ఆ తేడా తెలిసిన మనిషి ఆసుపత్రి మొత్తానికి ఆమె ఒక్కతే. రెండు నెలల కిందట ఒక నర్సు చేయి తగిలి డ్యూటీల జాబితా పోగొట్టుకుంటే, నకలులోంచి తీసి ఇచ్చింది. అది తెరుచుకుంది. ఆ రోజు కొలతలక్క ఇంట్లో అందరితో నవ్వుతూ మాట్లాడింది. చిన్న జాబితా తెరుచుకుంటే మొత్తం బాగున్నట్టు కాదని ఆమెకు తెలియక కాదు. భయపడేవాడికి దొరికిందే ఆసరా.

ఆ మంగళవారం ఆరూ నలభైకి ఆమె నేలమాళిగలో అడుగుపెట్టేసరికి సర్వర్ గదిలోంచి సన్నటి కూత వినిపిస్తోంది. రోగుల వివరాలుండే ప్రధాన నిల్వలో రెండు డిస్కులు ఒకేసారి ఎర్రగా వెలుగుతున్నాయి. మూడోది పచ్చగా, ఎర్రగా మారుతూ మినుకుమినుకుమంటోంది. రెండు డిస్కులు పోతే తట్టుకునే ఏర్పాటు అది, మూడోదీ పోతే అంతా పోయినట్టే. ఆమె అక్కడి నుంచే మేనేజరుకు ఫోన్ చేసింది.

ఏడున్నరకల్లా రిపేరు చేసే ఇంజనీరు వచ్చాడు. ఎనిమిదింటికి పెద్ద డాక్టరు దిగివచ్చాడు. పైన రేడియేషన్ వరండాలో రోగులు కూర్చుని ఉన్నారని, మొత్తం అరవై ముగ్గురు సిట్టింగుల మధ్యలో ఉన్నారని, ఒక్కరి వివరమూ తెర మీదకు రావడం లేదని చెప్పాడు. ఇంజనీరు రెండు దారులున్నాయన్నాడు. నిల్వ మొత్తం తుడిచేసి, కొత్త డిస్కులు పెట్టి, నకలులోంచి దింపుకుంటే మధ్యాహ్నానికి పని మొదలవుతుంది. లేదంటే కొనఊపిరితో ఉన్న మూడో డిస్కును మెల్లగా చదివి, వచ్చినంత రాబట్టుకోవాలి. దానికి రెండు రోజులు పట్టొచ్చు, మధ్యలో అది పూర్తిగా చావనూవచ్చు.

"తుడిస్తే మళ్ళీ వెనక్కి రాదు. నకళ్ళు బాగున్నాయిగా?" అని ఇంజనీరు అడిగాడు.

ఆమె నోరు విప్పేలోపే మేనేజరు అందుకున్నాడు. ఈవిడ చేతి పని అంటే కళ్ళు మూసుకుని నమ్మొచ్చన్నాడు, హాల్లో ప్రశంసాపత్రం చూడలేదా అని కూడా అన్నాడు. పెద్ద డాక్టరు ముఖంలో కొంచెం రక్తం తిరిగి వచ్చింది. ఇంజనీరు కీబోర్డు దగ్గరకు జరిగాడు.

గాలి లేని స్టెపినీతో బస్సును కొండదారి పట్టించినట్టే ఉంది కొలతలక్క పని. ఏమో, నకళ్ళు బాగానే ఉండొచ్చు. నూటికి తొంభై పాళ్ళు బాగానే ఉంటాయి. నోరు మూసుకుంటే మధ్యాహ్నానికి అంతా సర్దుకుంటుంది, ఎవరికీ తెలియదు. చెబితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం కంటే ముందు పరువు పోతుంది. అత్తగారి ముందు, కూతురి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి. మరి ఆ పది పాళ్ళు? తెర మీద 'మొత్తం తుడిచేయాలా?' అన్న ప్రశ్న వచ్చింది. ఇంజనీరు వేలు మీట మీదకు వెళ్ళింది.

"ఆగండి," అంది. "నకళ్ళు బాగున్నాయో లేదో నాకు తెలీదు. ఏడు నెలల నుంచి సరిచూడట్లేదు. త్వరగా అవ్వాలని నేనే తీసేశాను."

ఇంజనీరు వేలు వెనక్కి తీసుకున్నాడు. మేనేజరు ముఖం తెల్లబోయింది. పెద్ద డాక్టరు ఆమెను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ముందు నకలును పక్క యంత్రంలోకి దింపి చూడండి అని మాత్రం అని, అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు.

నిన్నటి నకలు పెట్టారు. పది శాతం, ఇరవై, ముప్ఫై. ఆమె అంకెలు చూస్తోంది. ముప్ఫై ఎనిమిది దగ్గర ఎర్రగీత వచ్చి ఆగిపోయింది. మొన్నటిది పెట్టారు. అదీ సగంలోనే ఆగింది. పోయిన వారానిదీ అంతే. పోయిన నెలదీ అంతే. కొత్త డిస్కుల అరలో ఒక భాగం మొదటి రోజు నుంచే లోపంతో ఉందని, రాసిన ప్రతిదాన్నీ అక్కడక్కడా చెడగొడుతూ వచ్చిందని ఇంజనీరు పదకొండింటికి తేల్చాడు. సరిచూసే టిక్కు ఉంటే మొదటి పొద్దునే బయటపడేది. అర రాకముందు తీసిన నకలు ఒక్కటే నిక్షేపంగా తెరుచుకుంది. అది నాలుగు నెలల నాటిది, వరండాలో కూర్చున్న వాళ్ళలో ఒక్కరి పేరూ అందులో లేదు.

తుడిచేసి ఉంటే అరవై ముగ్గురి వివరాలూ గంగలో కలిసేవి. రెండు రోజుల దారే మిగిలింది. మూడో డిస్కు కొంచెం చదివి ఆగేది, మళ్ళీ కొంచెం చదివేది. ఇంట్లో అడిగితే కొలతలక్క పని ఎక్కువగా ఉందని చెప్పింది. భర్తకు అనుమానం వచ్చినా గుచ్చి గుచ్చి అడగలేదు.

గురువారం ఉదయానికి అరవై మంది వివరాలు వచ్చాయి. డిస్కు పూర్తిగా చచ్చింది. ముగ్గురివి రాలేదు.

ఇక ఆ ముగ్గురినీ అడగాల్సిందే. పిలిచిన తేదీల జాబితా ఉంది గానీ, జ్వరమొచ్చి వెనక్కి పంపిన రోజులు, యంత్రం మధ్యలో ఆగి లేచి వెళ్ళిన రోజులు అందులో లేవు. మొదటాయన భార్య డైరీలో అన్నీ రాసిపెట్టింది. రెండో ఆయనను రోజూ కొడుకే తీసుకొచ్చేవాడు, అతని ఫోన్లో తేదీలున్నాయి. మూడో ఆమె బట్టలు కుట్టుకుని బతికే మనిషి, గొంతులో గడ్డ, ఎప్పుడూ ఒక్కతే వచ్చేది. పెద్ద డాక్టరు గదిలోకి ఆమెను పిలిచినప్పుడు, నేనూ ఉంటానని కొలతలక్క అడిగింది. ఆయన తలూపాడు.

దర్జీ ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. గొంతు బొంగురుపోయి మాట నెమ్మదిగా వస్తోంది. మీకు ఇప్పటిదాకా సరిగ్గా ఎన్ని సిట్టింగులయ్యాయి, గుర్తుందా అని డాక్టరు అడిగాడు. ఆవిడ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"నేను లెక్కపెట్టుకోలేదయ్యా. అంతా మీ దగ్గర రాసుంటుంది కదా అనుకున్నాను."

కొలతలక్క ముందుకు జరిగి, మొదటి రోజు నుంచి గుర్తుచేసుకుందాం, నేను కూడా లెక్కపెడతాను అంది. ఇద్దరూ వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. వాన పడిన రోజు, కుట్టు మిషను సూది విరిగి ఆలస్యంగా వచ్చిన రోజు, జ్వరమని తిరిగి వెళ్ళిపోయిన రోజు. పద్నాలుగు దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత రోజులన్నీ ఒకేలా ఉన్నాయంది దర్జీ ఆవిడ. మళ్ళీ మొదటి నుంచి వచ్చారు. ఒకసారి పంతొమ్మిది తేలింది. ఇంకోసారి ఇరవై ఒకటి.

డాక్టరు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. దర్జీ ఆవిడ మడిచిన వేళ్ళను అలాగే ఒళ్ళో పెట్టుకుని కొలతలక్క వైపు తిరిగింది.

"మీరు చదువుకున్నవాళ్ళు. మీరే చెప్పండమ్మా, ఎంతని రాయమంటారు?"