సమ్మమ్మ జాతరకు పోయినప్పుడు

హనుమకొండలో మా చర్చి సంఘం వాళ్ళు నడిపిన వృద్ధాశ్రమానికి పద్నాలుగేళ్ళు నేనే పెద్దను. చదివింది పరకాల దగ్గర మా ఊరి బడిలో, ఏడో తరగతి దాకానే. అయినా ప్రహరీగోడ కట్టించింది నేను, బోరు వేయించింది నేను, కరెంటాఫీసు చుట్టూ తిరిగి లైను తెప్పించింది నేను. ఇమ్మానుయేలు అని నా పేరు చెక్కిన రాయి ఆ గోడకు ఇప్పటికీ ఉంది. నేను చేసినవాటిలో పెద్దది మాత్రం ఏ రాయి మీదా లేదు. అది సమ్మమ్మ సంగతి.

సమ్మమ్మది నర్సంపేట పక్క పల్లె. నాట్లకూ కలుపులకూ కూలికి పోయిన మనిషి. భర్త చనిపోయాక, డెబ్బై ఆరులో మా దగ్గర ఆయాగా చేరింది. మతి తప్పిన ముసలమ్మల గది ఆమెకిచ్చాను. ఆ గదిలో ఎవరూ నిలిచేవారు కాదు. ముసలమ్మలు కొడతారు, గిల్లుతారు, నా గాజులు దొంగిలించావంటారు. కడిగి, తల దువ్వి, చీర మార్చి కూచోబెడితే, ఎవరు నువ్వు అంటారు. ఆయాలు పండగకని ఊరికి పోయేవారు. అక్కడ ఒక్కరోజు కంటినిండా నిద్రపోయాక మళ్ళీ రాబుద్ధయ్యేది కాదు. కట్టమ్మ అనే ఆయా జాతరకని పోయి, వదిలిపెట్టిన ట్రంకుపెట్టె కోసం కూడా తిరిగి రాలేదు. అప్పటినుంచి ఆశ్రమం కమిటీ జాతర సెలవులు ఆపేసింది.

ఆ గదిలోనే దీనమ్మ టీచరమ్మ ఉండేది. ఒకప్పుడు బడి నడిపిన మనిషి, ఇప్పుడు అన్నంలో విషం కలిపారని నోరు బిగించేది. సమ్మమ్మ ఆమె కంచంలోంచే ఒక ముద్ద తీసి తాను తిని, మింగి, నోరు తెరిచి చూపించేది. అప్పుడు గాని టీచరమ్మ తినదు. ప్రతి పూటా అంతే, ఏళ్ళ తరబడి. నడుం పట్టేసినా సమ్మమ్మ లేచి రావలసిందే.

ఎనభై రెండులో మేడారం జాతర వచ్చింది. సమ్మమ్మ మనుమడు పుట్టగానే చావుదాకా పోయి బతికాడు. వాడి ఎత్తు బంగారం ఇస్తానని ఆమె మొక్కుకుంది. బంగారమంటే బెల్లమే, బిడ్డ బరువుకు సరితూగేంత. సెలవడిగితే మా కమిటీ కార్యదర్శి రత్నం గారు కుదరదన్నారు. పోతే మళ్ళీ రానక్కర్లేదన్నారు. టీచరమ్మ తిండి మానేస్తే ఎట్లా అని ఆయన భయం ఆయనది.

ఆ సాయంత్రం సమ్మమ్మ వంటింటి గడప దగ్గర బట్టలు మూట కట్టుకుంటోంది.

“ఇగ రావా?” అన్నాను.

“అలిసిపోయిన పెద్దయ్యా. మొక్కుకు పోతనంటె గూడ వద్దంటాండ్రు. నేను ముద్ద పెట్టకపోతె టీచరమ్మ సస్తదని అందరు నాకే చెప్పవడ్తిరి. ఆ మాట మోసుకొని పండుకుంటె నిద్ర పడ్తదా?”

ఈ ఒక్క రాత్రి ఆగమన్నాను. పొద్దున్నే రత్నం గారింటికి పోయి, ఆ ముద్ద నేను పెడతానన్నాను.

ఆయన నవ్వారు. “ఇంట్లో మీ గ్లాసు కూడా వేరుగా పెట్టుకుంటారు కదా, ఇమ్మానుయేలు గారూ. ఆమె కంచంలో తింటారా?”

నిజమే, నా కంచం మా ఆవిడ కూడా ముట్టదు. తింటానన్నాను. సెలవు ఇప్పించాను.

మొదటిరోజు ముద్ద మింగి నోరు తెరిచి చూపిస్తే టీచరమ్మ కంచం నా మీదికి విసిరింది. చొక్కా నిండా పప్పు. సాయంత్రం నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. మర్నాడు మధ్యాహ్నానికి నాకు ఓపిక అయిపోయింది, ఆకలీ వేసింది. చూపించడం మానేసి, ఆమె పక్కనే కూర్చుని ఆ కంచంలో నిజంగానే తినడం మొదలుపెట్టాను. కాసేపు చూసి నా చెయ్యి నెట్టేసింది.

“నాకేమన్న ఉంచుతవా లేదా?”

తిన్నది.

జాతర అయిపోయింది. పోయినవాళ్ళంతా తిరిగొచ్చారు. సమ్మమ్మ రాలేదు. రత్నం గారు వచ్చి చూసి పోయారు. ఆ మర్నాడు మధ్యాహ్నం సమ్మమ్మ వచ్చింది. తలనిండా దుమ్ము, చేతిలో మూట, కొంగులో బెల్లం ముక్క. టీచరమ్మా నేనూ ఒకే కంచంలో తింటుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

“తింటాందా?”

“తింటాంది. నాకే దొరుకుతలేదు.”

ఆమె నవ్వలేదు. గోడకు ఆనుకుని కూలబడింది. “రావద్దనే అనుకున్న పెద్దయ్యా. జాతర నుంచి ఇంటికే పోయిన. టీచరమ్మ ఉన్నదో లేదో చూసిపోదామని వచ్చిన.” టీచరమ్మ కంచం వైపు చూసి, “నేను లేకున్నా తింటదన్నట్టు,” అంది.

అవునన్నాను. మధ్యాహ్నం ముద్ద ఇక నాదేనన్నాను. ప్రతి జాతరకూ పోయి రమ్మన్నాను, కమిటీ సంగతి నేను చూసుకుంటానన్నాను. చూసుకున్నాను కూడా.

 సమ్మమ్మ మూట తలకింద పెట్టుకుని అక్కడే నిద్రపోయింది. ఎవరీమె అని టీచరమ్మ అడిగింది. మనింటి మనిషే, పండుకోనియ్యండి అన్నాను. పొద్దు గూకేదాకా ఎవరినీ లేపనివ్వలేదు.